సైకిలు దిగిన చోట

పుచ్చలపల్లి సుందరయ్యగారి సైకిలు గురించి మా కృష్ణా జిల్లాలో తెలియనివాళ్ళు తక్కువ. 1952లో రాజ్యసభకి వెళ్ళిన ఆ పెద్దమనిషి ఢిల్లీలో పార్లమెంటుకి సైకిలు మీదే వెళ్ళేవాడని చిన్నప్పటి నుంచి ప్రతి మీటింగులోనూ వింటూ వచ్చాను. 1955లో, 1962లో, మళ్ళీ 1978లో ఆయన శాసనసభకి గెలిచింది మా గన్నవరం నియోజకవర్గం నుంచే. హనుమాన్ జంక్షన్ ఉన్నది ఆ నియోజకవర్గంలోనే. అంచేత ఆ సైకిలు కాస్త మా ఇంటి సైకిలే అనిపించేది మాకు.

మా అయ్య సైకిలు గురించి మాత్రం ఎవరికీ తెలీదు. ఏ మీటింగులోనూ ఎవరూ చెప్పలేదు. అందుకని నేను రాస్తున్నాను.

రెండూ సైకిళ్ళే. రెండు చక్రాలు, ఒక చైను, ఒక సీటు. సుందరయ్యగారు ఎక్కితే లోకం దాన్ని నిరాడంబరత్వం అంది. మా అయ్య ఎక్కితే మా ఊరు దాన్ని పొగరు అంది. ఈ మాట సుందరయ్యగారిని తక్కువ చెయ్యడానికి కాదు. పేరు చివర రెడ్డి అనే తోకని తీసేసుకున్న మనిషి, ఆస్తిని పార్టీకి ఇచ్చేసిన మనిషి ఆయన. నేననేది వేరు. కారెక్కగలిగినవాడు సైకిలెక్కితే అది త్యాగం. చెప్పులు కూడా చేతబట్టుకుని నడవాల్సినవాడు సైకిలెక్కితే అది నేరం. ఆయన పైనుంచి ఆ సీటు మీదకి దిగొచ్చాడు. మా అయ్య కిందనుంచి ఎక్కొచ్చాడు. దిగొచ్చినవాళ్ళ చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఎక్కొచ్చినవాళ్ళది ఇంకా సైకిలు షాపుల్లో, మిల్లు గేట్ల దగ్గర, మా పేటల అరుగుల మీద పడి ఉంది.

*

మా ఊరి పేరు రాయను. మావాళ్ళు ఇప్పటికీ అక్కడే బతకాలి. జంక్షన్‌కి ఏడు కిలోమీటర్ల దూరం, కాలవ గట్టు మీద దారి. అంతవరకు చాలు.

హనుమాన్ జంక్షన్ అంటే కలకత్తా - మద్రాసు రోడ్డు మీద, విజయవాడకీ ఏలూరుకీ నడుమ ఉన్న కూడలి. ఒక రోడ్డు నూజివీడుకి పోద్ది, ఇంకోటి గుడివాడకి పోద్ది. కూడలిలో ఆంజనేయస్వామి గుడి. రైలు స్టేషను ఉన్నది జంక్షన్ దగ్గర, దాని పేరు మాత్రం నూజివీడు. లారీలు, బస్సులు, రైసు మిల్లులు, టీ కొట్లు, పంచర్లు వేసే షాపులు. అక్కడ చాలామంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. ఊళ్ళో అయితే మనిషి కనపడకముందే వాడి కులం కనపడుద్ది. ఫలానా చెట్టు కింద నుంచి వచ్చాడంటే ఫలానా పేటోడని తెలిసిపోద్ది. జంక్షన్‌లో నాలుగు రోడ్ల నుంచీ జనం వస్తారు. ఎవడు ఏ చెట్టు కింద నుంచి వచ్చాడో అడిగి తెలుసుకోవాల్సిందే.

మా ఊళ్ళో మాకు సెంటు భూమి లేదు. 1855కల్లా బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు. నూరేళ్ళ తరవాత, 1957లో దాని చోట ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నూరేళ్ళలో డెల్టా మాగాణి అయ్యింది. పొలం ఉన్నోళ్ళు మేడలు కట్టారు, మిల్లులు పెట్టారు, సినిమా హాళ్ళు కట్టారు. కాలవలు తవ్వటంలో, పూడిక తియ్యటంలో తన తాతల వెన్నులు వంగిపోయినయ్యని మా తాత చెప్పేవాడు. నీళ్ళకి కులం లేదంటారుగానీ కాలవలో నీళ్ళు పొలం ఉన్నోడి పొలానికే పోతయ్. మా పేటకి వరద వచ్చినప్పుడే వచ్చేయి.

మా అయ్య పదేళ్ళకే పాలేరు. తెల్లారుజామున నాలుగింటికి కామందు గొడ్లచావిట్లో ఉండాలి. పేడ తియ్యాలి, కుడితి పెట్టాలి, పాలు పితికించాలి, ఆ తరవాత పొలం. రాత్రి గొడ్లకి గడ్డి వేశాక ఇంటికి రావటం. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లని జీతం మాట్లాడుకుంటారు. ఆ బస్తాలు ఏడాది ముందే తినేసి ఉంటాం. పెళ్ళికి కొంత, చావుకి కొంత, జ్వరానికి కొంత. పాత అప్పు తీరక మళ్ళీ ఉగాదికి అదే ఇంట్లో కుదరటం. వెట్టి చాకిరీని రద్దు చేస్తూ ఇందిరాగాంధీ ప్రభుత్వం 1975లో ఆర్డినెన్సూ, 1976లో చట్టమూ తెచ్చింది. మా అయ్య దానికంటే ఎనిమిదేళ్ళ ముందే బయటపడ్డాడు. ఏ చట్టమూ బయటికి తియ్యలేదు. సైకిలు తీసింది.

నేను లెక్కల మేష్టార్ని. బోర్డు మీద గీసి చెప్పినట్టు చెప్తాను, వినండి. మనిషి గంటకి ఐదు కిలోమీటర్లు నడుస్తాడు. సైకిలు మీద పదిహేను పోతాడు. పనికి గంట ప్రయాణం చెయ్యగలడనుకోండి. నడిచేవాడి పని దొరికే వలయానికి వ్యాసార్ధం 5. సైకిలు ఉన్నవాడికి 15. వ్యాసార్ధం మూడింతలైతే వైశాల్యం తొమ్మిదింతలు. నడిచేవాడి వలయం 78 చదరపు కిలోమీటర్లు, సైకిలు ఉన్నవాడిది 700 పైచిలుకు. మొదటి వలయంలో ఉన్న పొలమంతా నలుగురైదుగురు కామందులది, వాళ్ళలో వాళ్ళు బంధువులు. ఒకడు పొమ్మంటే రెండోవాడు రమ్మనడు. మమ్మల్ని కట్టేసింది అప్పు ఒక్కటే కాదు. మా కాళ్ళు ఎంత దూరం పోగలవో వాళ్ళకి తెలుసు. ఆ దూరమే మా పలుపుతాడు.

*

1967లో ఆ సైకిలు మా ఇంటికొచ్చింది. మా పేటలో ప్రార్థనలు చెప్పే ఉపదేశిగారికి వేరే ఊరు మార్పయ్యింది. పోతా పోతా తన పాత హెర్క్యులిస్ సైకిలు మా అయ్యకి ఎనభై రూపాయలకి ఇచ్చాడు. అదీ ఐదు వాయిదాల్లో. యూరపులో 1817లో పెడళ్ళు లేని కర్ర బండిగా మొదలై, 1885లో ఇంగ్లండులో చైనూ రెండు సమానమైన చక్రాలూ తగిలించుకుని, 1888లో డన్‌లప్ గాలి టైరు వేసుకున్న ఈ యంత్రం మా దేశానికి మొదట దొరల బండిగానే వచ్చింది. 1949లో మద్రాసులో, 1951లో సోనీపట్‌లో, 1956లో లూధియానాలో మొదలైన కంపెనీల వల్ల అది గుమాస్తాల దాకా, మేష్టర్ల దాకా దిగింది. మా పేట దాకా రావటానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

సీటు తోలు చిరిగిపోయి స్ప్రింగులు బయటపడి ఉన్నాయి. మాది మాదిగ ఇల్లు. తోలు మా ఇంటి పని. ఊళ్ళో ప్రతి కాలికీ చెప్పు కుట్టిన చెయ్యి మా తాతది. ఆ చెప్పు వేసుకుని అదే వీధిలో నడిచే హక్కు మాత్రం ఆయనకి లేదు. కామందుల వీధి రాగానే చెప్పులు చేతిలోకి రావాలి. ఆ తాత రెండ్రోజులు కూర్చుని, ఊనిన తోలు కోసి, తడిపి, లాగి, సీటు కుట్టాడు. కుట్టి మా అయ్యతో అన్నాడు: "తోలు మనది, కుట్టు మనది. కూర్చోటానికి మాత్రం మనం పనికిరామా? కూర్చోరా."

మా అయ్య ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, రాత్రిళ్ళు కాలవ గట్టు మీద సైకిలు నేర్చుకున్నాడు. జంక్షన్‌లో గంటకింతని అద్దె సైకిళ్ళు ఇచ్చే షాపు ఉండేది. ఎరిగినోళ్ళు ఎవరైనా పూచీ ఉండాలనేవాడు షాపువాడు. మాకు పూచీ ఉండేదెవరు? అంచేత సొంత సైకిలు వచ్చేదాకా మా పేటలో ఎవరికీ తొక్కటం రాదు. పట్టుకోటానికి కూడా తెలిసినోడు లేడు. పడి, లేచి, మోకాళ్ళు చీరుకుని నేర్చుకున్నాడు.

నేర్చుకున్నాడో లేదో 1968 ఫిబ్రవరి వచ్చింది. మా జిల్లాలోనే కంచికచర్లలో కోటేశు అనే కుర్రాణ్ణి దొంగతనం మోపి బతికుండగానే తగలబెట్టారు. ఆ వార్త మనుషుల నోటే మా పేటకి వచ్చింది. మా నాయనమ్మ సైకిల్ని ఇంట్లోకి లాక్కొచ్చి గోనెపట్టా కప్పేసింది. "కళ్ళబడితే ఎక్కడిదంటారు, దొంగిలించావంటారు" అని ఏడ్చింది. నెల్లాళ్ళు ఆ సైకిలు మా ఇంట్లో శవంలాగా గోనె కింద ఉంది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అర్ధరాత్రి లేచి చేత్తో తడిమి చూసేవాణ్ణి, ఉందా లేదా అని.

ఉగాదికి మా అయ్య మళ్ళీ పాలేరుకి కుదరలేదు. జంక్షన్‌లో రైసు మిల్లులో బస్తాలు మోసే పని చూసుకున్నాడు. ఏడు కిలోమీటర్లు నడిస్తే గంటన్నర. పోను రాను మూడు గంటలు నడిచి, మధ్యలో రోజంతా బస్తాలు మొయ్యటం మనిషి వల్ల కాదు. సైకిలు మీద అరగంట. వారానికోసారి కూలి చేతిలో పడేది, నోట్లు. మా ఇంట్లో నోట్లు లెక్కపెట్టటం అదే మొదలు. పాత అప్పు రెండేళ్ళలో తీర్చేశాడు.

డబ్బులకంటే పెద్దవి చిన్నచిన్నవి మారినయి. జంక్షన్ టీ కొట్టు గురించి మొదటి వారం ఇంటికొచ్చి చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తే. "అందరికీ ఒకటే గ్లాసే! నేను తాగింది నేను కడగలేదే! కుర్రోడే కడిగాడే!" అమ్మ నమ్మలేదు. మా ఊరి కొట్టులో మా గ్లాసులు చూరులో దోపి ఉండేవి. మిల్లు గేటు దగ్గర ఎవరో పేపరు చదివేవాళ్ళు. మా అయ్య వినేవాడు. బస్సుల బోర్డులు చూసి చూసి అక్షరాలు పట్టుకున్నాడు. 'నూజివీడు' అన్న మాట చదవటం వచ్చాకే తన పేరు రాయటం వచ్చింది ఆయనకి. 1971లో నన్ను సాంఘిక సంక్షేమ హాస్టల్లో వేశాడు. ట్రంకుపెట్టె క్యారేజీకి కట్టి, నన్ను ముందు బారు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. పాలేరు కొడుకు పాలేరు కావాల్సిన ఇంట్లో అది తెగింది.

అంబేద్కర్ జీవితంలో రెండు సంఘటనలు ఎప్పుడూ నాకు సైకిలుతో కలిసే గుర్తొస్తాయి. 1901లో చిన్నపిల్లవాడిగా తండ్రి దగ్గరికి గోరేగావ్ వెళ్తుంటే, కులం తెలిశాక బండివాడు బండి తోలనన్నాడు. రెట్టింపు కిరాయి ఇచ్చి పిల్లలే తోలుకోవాల్సి వచ్చింది. 1929లో, బారిస్టరయ్యాక కూడా, చాళీస్‌గావ్‌లో టాంగావాళ్ళు ఎక్కించుకోలేదు. తోలటం రాని మనవాడొకడు తోలితే టాంగా మీంచి పడి కాలు విరిగింది. ఎంత చదివినా తోలేవాడి దయ మీద ప్రయాణం. తోలేవాణ్ణి అడగక్కర్లేని బండి, పేదవాడికి అందే బండి, సైకిలొక్కటే.

*

ఇంతా చెప్పి అసలు మాట చెప్పలేదు. మా అయ్య సైకిలు దిగేవాడు.

మా పేట నుంచి జంక్షన్ దారికి పోవాలంటే కామందుల వీధి దాటాలి. ఆ వీధి మొదట్లో ఒక వేపచెట్టు, చివర రచ్చబండ. వేపచెట్టు దగ్గర మా అయ్య సైకిలు దిగేవాడు. తలగుడ్డ తీసి భుజం మీద వేసుకునేవాడు. రచ్చబండ దాటేదాకా నడిపించుకుంటూ పోయి, అవతల ఎక్కేవాడు. సాయంత్రం అదే తిరగేసి. రెండొందల గజాలు. రాజ్యాంగం పదిహేనో అధికరణం రోడ్లు అందరివీ అంది, పదిహేడోది అంటరానితనమే లేదంది. 1955 చట్టం రోడ్డు మీద అడ్డగిస్తే శిక్ష అంది. ఆ రెండొందల గజాల్లోకి ఇవేవీ రాలేదు.

నాకు సిగ్గుగా ఉండేది. హాస్టలు నుంచి సెలవులకొచ్చినప్పుడు ఆ చెట్టు దగ్గర అయ్య కాలు కింద పెట్టటం చూడలేక నేను ముందే దిగి పరిగెత్తేవాణ్ణి. పిరికోడు అనుకునేవాణ్ణి మనసులో. ఇది రాయటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

1984లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. జంక్షన్‌కి అవతల నాలుగు కిలోమీటర్ల దూరంలో బడి. ఆ ఊళ్ళోనే ఉండాలని ఇల్లు వెతుక్కున్నాను. "రండి మేష్టారూ, కూర్చోండి మేష్టారూ" అని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చి, మెల్లిగా అడిగేవాళ్ళు, "మీరేవిట్లు?" అని. చెప్పేవాణ్ణి. మర్నాడు ఆ ఇల్లు వాళ్ళ అల్లుడికి కావాల్సొచ్చేది. ఏడిళ్ళు తిరిగాను, ఏడుగురికీ అల్లుళ్ళే. బళ్ళో కుండ దగ్గర నా గ్లాసు వేరేగా ఉంటే ఇంటి నుంచి సీసాలో నీళ్ళు తెచ్చుకోవటం మొదలుపెట్టాను. అద్దె ఇంటి ఆశ వదిలేసి ఒక సైకిలు కొనుక్కున్నాను.

పదకొండు పోను, పదకొండు రాను. రోజుకి 22. ఏడాదికి 220 పనిదినాలు వేసుకుంటే 4,840. తొమ్మిదేళ్ళు తొక్కాను. 43,560 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40 వేల చిల్లర. ఈ లెక్క పిల్లల చేత బోర్డు మీద చేయించి, "చూశారా, మీ మేష్టారు భూమి చుట్టూ తిరిగొచ్చాడు" అంటే నవ్వేవాళ్ళు. ఎందుకు తిరగాల్సొచ్చిందో వాళ్ళకి చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను. ఒక గది అద్దెకి దొరక్క భూమి చుట్టూ తిరిగినవాణ్ణి నేను.

కానీ ఆ తిరగటమే నన్ను మనిషిని చేసింది. పొద్దున్నే ఏడింటికి కాలవ గట్టు మీద ఒక్కణ్ణే. ఎవరి ఇంటి ముందూ చేతులు కట్టుకోనక్కర్లేదు. దారిలో బస్తాలు మోసేవాళ్ళు, ఇటుకబట్టీ వాళ్ళు, చేపల బుట్టల వాళ్ళు, అందరూ సైకిళ్ళ మీదే. పక్కపక్కన తొక్కుతూ మాట్లాడుకునేవాళ్ళం. ఏ ఊళ్ళో కూలెంత, ఏ పేటలో గొడవ, ఎవరు ఎవర్ని కొట్టారు. ఏ పత్రికలోనూ రాని వార్తలు ఆ గట్టు మీద తెలిసేవి. సంఘం అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే.

*

సుందరయ్యగారు 1985 మే 19న పోయారు. రెండు నెలలు తిరక్కుండానే, జూలై 17న, కారంచేడు జరిగింది. మాదిగలు తాగే చెరువు నీళ్ళని పాడు చెయ్యొద్దన్నందుకు, మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచినందుకు, ఆరుగుర్ని చంపారు. మిగిలినవాళ్ళు చీరాలలో శిబిరంలో ఉన్నారని తెలిసి ఒక ఆదివారం ఇద్దరు మేష్టర్లం వెళ్ళాం. అక్కడ కత్తి పద్మారావుగారి మాటలు విన్నాను, బొజ్జా తారకంగారి పేరు విన్నాను. అంతకంటే ఎక్కువగా అక్కడ కూర్చున్న ఆడవాళ్ళ మొహాలు చూశాను. వాళ్ళు ఊరొదిలి వచ్చేశారు. తల మాత్రం దించుకుని లేరు.

మర్నాడు బడి నుంచి వస్తున్నాను. రచ్చబండ వచ్చింది. నేను సైకిలు దిగలేదు.

గొప్ప ఆలోచన చేసి కాదు. కాలు దిగనంది. అంతే. రెండొందల గజాలు తొక్కుకుంటూ వచ్చేశాను. బెల్లు కూడా కొట్టలేదు. వెనకనుంచి వినపడింది, "ఏరా మేష్టారూ, కళ్ళు నెత్తికెక్కినయ్యా?"

రాత్రి మా అయ్యని పిలిపించారు. నూటపదహార్లు తప్పు కట్టాలన్నారు, నేను రచ్చబండ దగ్గరికొచ్చి దణ్ణం పెట్టాలన్నారు. మా అయ్య ఏమీ మాట్లాడకుండా నిలబడి, ఏమీ మాట్లాడకుండా తిరిగొచ్చాడు. ఇంటికొచ్చాక నేను అరిచాను. "ఇన్నేళ్ళూ నువ్వు దిగబట్టే వాళ్ళకింత లోకువ" అన్నాను. అప్పుడు అన్నాడు: "నేను దిగబట్టే నువ్వు చదివావురా. రోజుకి రెండుసార్లు దిగాను. అదే నీ ఫీజు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఈ రోజుక్కూడా లేదు.

పేటలో కూర్చున్నాం. తప్పు కట్టి వదిలించుకుందామని పెద్దవాళ్ళు, కట్టొద్దని కుర్రవాళ్ళు. తెల్లవారుజామున ఆడవాళ్ళు తేల్చారు, కట్టొద్దని. మూడో రోజుకల్లా మా పేటవాళ్ళని ఎవరూ పనికి పిలవకూడదని, కొట్లో సరుకు ఇవ్వకూడదని కట్టుబాటు వచ్చింది. నాట్ల రోజులు. ఏడాది మొత్తంలో మా ఆడవాళ్ళకి చేతినిండా పని ఉండేది ఆ నెలలోనే. ఆకలికి వారంలో కాళ్ళ దగ్గరికొస్తారని వాళ్ళ లెక్క. మా తాతల నాటి లెక్క అది, ఎప్పుడూ తప్పలేదు.

ఈసారి తప్పింది. 1967లో మా పేటలో ఒక సైకిలు ఉండేది. 1985కి పదకొండు. మగవాళ్ళు జంక్షన్‌కి మిల్లులకీ లారీ ఎగుమతులకీ పోయారు. ఆడవాళ్ళని క్యారేజీల మీద ఎక్కించుకుని హైవే అవతలి ఊళ్ళకి దించి, మళ్ళీ వెనక్కొచ్చి రెండో విడత తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ నాట్లకి మనుషులు చాలక వెతుక్కుంటున్నారు. కూలి మా ఊరికంటే అర్ధరూపాయి ఎక్కువ. నేను బడికి పోయేముందు ఇద్దర్ని దించేవాణ్ణి. బియ్యం, కిరసనాయిలు జంక్షన్ నుంచే. మా అయ్య పాత హెర్క్యులిస్ మీద రోజూ రెండు విడతలు. ఒక పెద్దమ్మ క్యారేజీ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. రెండు కుటుంబాల మీద పాత పాలేరు అప్పులు తిరగదోడారు. సుఖంగా ఏమీ గడవలేదు. కానీ గడిచింది.

పంతొమ్మిదో రోజు చీకటి పడ్డాక కామందుల తరఫున ఒక మనిషి పేటకొచ్చాడు. నారు ముదిరిపోతంది, నాలుగు రోజులు దాటితే పనికిరాదు, రేపట్నించి రమ్మన్నాడు. తప్పు సంగతి ఎత్తలేదు. కూలి సంగతి మా ఆడవాళ్ళు ఎత్తారు. అవతలి ఊరి కూలే ఇక్కడా ఇస్తేనే వస్తామన్నారు. ఇచ్చారు.

వైశాల్యం తొమ్మిదింతలని బోర్డు మీద గీసిన లెక్కకి అర్థం నాకు ఆ రోజు తెలిసింది. బహిష్కరణ అనేది వలయం చిన్నదైతేనే పనిచేస్తుంది.

దీన్ని పెద్ద విజయంగా చెప్పుకోను. చుండూరులో కూడా మొదట బహిష్కరణే జరిగింది, సినిమా హాల్లో కాలు తగిలిన గొడవ మీద. అక్కడివాళ్ళూ లొంగలేదు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి కాలవల్లో పడేశారు. మేం బతికిపోయాం. ఎందుకు బతికిపోయామంటే సైకిళ్ళ వల్లేనని చెప్తే అబద్ధం అవుతుంది.

*

మా చెల్లి సంగతి కూడా రాయాలి, లేకపోతే ఇది సగం చరిత్రే.

అది ఏఎన్ఎం ట్రైనింగు అయ్యి 1990లో ఉద్యోగంలో చేరింది. నాలుగు ఊళ్ళు తిరగాలి. సైకిలు నేర్చుకుంటానంది. వద్దన్నది ఎవరు? కామందులు కాదు. నేను. "ఆడపిల్లవి, నలుగురూ నవ్వుతారు" అన్నాను. రచ్చబండ దగ్గర దిగనన్న మొనగాణ్ణి, మా ఇంటి గుమ్మం దగ్గర నేనొక రచ్చబండ పెట్టాను. అది నా మాట వినలేదు. ఇరవై మూడేళ్ళ కిందట అయ్య నేర్చుకున్న గట్టు మీదే, ఆ హెర్క్యులిస్ మీదే నేర్చుకుంది. వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది మా అయ్య. ఆయన్ని పట్టుకునేవాళ్ళు లేకపోయారు కదా, కూతుర్ని తను పట్టుకున్నాడు.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే, 1991 నుంచి, తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. షీలా రాణీ చుంకత్ అప్పుడక్కడ కలెక్టరు. రాళ్ళు కొట్టే కూలీలు, పొలం కూలీలు, అంగన్‌వాడీ వాళ్ళు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు, ముందు బారు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని. పాలగుమ్మి సాయినాథ్ 1996లో వచ్చిన తన పుస్తకంలో వాళ్ళ గురించి రాశాడు. అది చదివినప్పుడు మా చెల్లి గుర్తొచ్చి, నా మాట గుర్తొచ్చి తల దించుకున్నాను.

కాన్పు కష్టమైనప్పుడు కామందుల ఇళ్ళ నుంచే అర్ధరాత్రి కబురొచ్చేది. మా చెల్లి సైకిలు వేసుకుని పోయేది. వేపచెట్టు దాటి, దిగకుండా, వాళ్ళ వాకిట్లోకి. ఆ రాత్రి దాన్ని దిగమని ఎవరంటారు? బిడ్డ బయటపడ్డాక, నీళ్ళు మాత్రం పైనుంచి పోసేవాళ్ళు.

*

సైకిలు జీవితాన్ని మారుస్తుందా అని అడిగితే, మా ఇంట్లో మూడు జీవితాల్ని మార్చింది అంటాను. భూమిని మార్చలేదు. మా పేటకి ఈ రోజుకీ సాగుభూమి లేదు. ఇప్పుడు మా కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద విజయవాడ దాకా పోయి వస్తున్నారు. ఐదో నంబరు హైవే పదహారో నంబరై వెడల్పయ్యింది. వలయం ఇంకా పెద్దదయ్యింది. అయినా 2015లో పార్లమెంటు అట్రాసిటీ చట్టాన్ని సవరించినప్పుడు, దళితుణ్ణి సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కనివ్వకపోవటం, చెప్పులు వేసుకోనివ్వకపోవటం, కొత్త బట్టలు కట్టుకోనివ్వకపోవటం నేరం అని విడిగా రాయాల్సొచ్చింది. 2016 జనవరి 26 నుంచి అది అమల్లోకొచ్చింది. సుందరయ్యగారు సైకిలు మీద వెళ్ళిన ఆ పార్లమెంటే, అరవై ఏళ్ళ తరవాత, మా అయ్య సైకిలు గురించి మొదటిసారి మాట్లాడింది.

మా అయ్య అప్పటికి లేడు. 1999లో పోయాడు. 1985 తరవాత ఆ వీధిలో దిగమన్నవాడు లేడు. పేటలో ఎవరూ దిగటం లేదు. కానీ ఆయన మాత్రం చివరిదాకా వేపచెట్టు దగ్గర దిగేవాడు. "ఎందుకు అయ్యా ఇంకా?" అంటే నవ్వేవాడు. "నేను దిగట్లేదురా. కాలు దానంతటదే దిగిపోతంది" అనేవాడు.

హెర్క్యులిస్ తుప్పు పట్టిపోయింది. రిమ్ములు పాతసామాన్ల వాడికి వేశాం. సీటు ఉంచాను. తాత కుట్టిన కుట్టు ఒక్కటి కూడా ఊడలేదు.

ఇది చదివే విద్యార్థులకి ఒక్క పని చెప్తాను. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు, మీ పేటలో మొట్టమొదటి సైకిలు ఎవరిదో అడగండి. ఏ సంవత్సరం వచ్చిందో, ఎక్కడ పనికి పోయేవాడో, ఏ చెట్టు దగ్గర దిగేవాడో అడగండి. పేరుతో సహా రాసుకోండి. ముసలివాళ్ళు పోకముందే అడగండి.